పదమూడు మసక ఫొటోలు

లాకప్‌లో ఉన్నవాడు ఎవడైనా ముందు బెయిలు గురించి అడుగుతాడు. ఈ పెద్దమనిషి తన బల్ల మీద విప్పి వదిలేసిన కెమెరా గురించి అడిగాడు.

"అమ్మా, దాని వెనక మూత బిగించలేదు. మా అమ్మాయికి చెప్పి పైన ఓ గుడ్డ కప్పమనండి. లోపలికి దుమ్ము పోతే మళ్ళీ మొదట్నుంచీ విప్పాలి."

"మిమ్మల్ని హత్యకేసులో ఇరికిస్తుంటే దుమ్ము గురించి ఆలోచిస్తున్నారా?" అన్నాను. నాకు ఒళ్ళు మండింది. అమాయకులతో వచ్చే చిక్కే ఇది. తమని తాము కాపాడుకోవడం వాళ్ళకి బొత్తిగా చేతకాదు.

ఊళ్ళో అందరూ ఆయన్ని రబ్బరు మామ అంటారు. కెమెరాలు బాగుచేస్తాడు. వానకి తట్టుకునే ఖరీదైన కెమెరాల్లో అతుకు ఉన్న ప్రతిచోటా సన్నటి రబ్బరు పట్టీలుంటాయి. సీలింగ్ అంటారు. ఆ పట్టీలు మార్చడంలో ఆయన్ని మించిన చెయ్యి లేదు. మొన్న మధ్యాహ్నం దినపత్రిక ఆఫీసులో, పాత నెగెటివులు దాచే చల్లగదిలో, లైబ్రేరియన్ తల పగిలి చనిపోయాడు. నిన్న సాయంత్రం ఈయన్ని పట్టుకొచ్చారు. ఈ రోజు ఐదింటికి కోర్టులో హాజరుపరుస్తారు. ఒకసారి జైలుకి పంపారంటే బయటికి తేవడానికి నెలలు పడుతుంది. ఆయన గుండె అన్ని నెలలు ఆగే రకం కాదని కూతురు నాతో చెప్పింది. ఆ అమ్మాయి బడిలో టీచరు. స్టేషన్ బయట బెంచీ మీద, ఆయన మాత్రల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

అప్పుడు టైము ఒంటిగంటన్నర.

"మొన్న జరిగింది మళ్ళీ చెప్పండి. టైములతో."

"లైబ్రేరియన్ ఫోన్ చేసి రమ్మన్నాడు. మూడు దాటిన రెండు నిమిషాలకి గేటు పుస్తకంలో సంతకం పెట్టాను. పైకెళ్ళి చల్లగది తలుపు తడితే బయటికొచ్చాడు. 'ఒక గంట ఆగు. నీకొకటి ఇవ్వాలి. చూస్తే కూలబడిపోతావు' అన్నాడు. మొహంలో నవ్వు, కళ్ళల్లో నీళ్ళు. కిందికెళ్ళి పోర్టికోలో నిలబడ్డాను. పిలవలేదు. షాపు తెరిచి వదిలేసి వచ్చానని గుర్తొచ్చి నాలుగింటికి ఇంకా ఎనిమిది నిమిషాలుందనగా వెళ్ళిపోయాను."

"ఏమిస్తానన్నాడు?"

"చెప్పలేదు. ఇంకెప్పుడు చెప్తాడమ్మా!" ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇద్దరూ ముప్ఫై ఏళ్ళ స్నేహితులు.

ఆయన్ని కాసేపు ఆ దుఃఖంలోంచి మళ్ళించాలని, "ఇంతకీ ఈ సీలింగ్ పనికొచ్చేదేనా? రెండింతలు పోసి కొంటారు కదా జనం" అన్నాను.

"గడప పనికొచ్చినంత పనికొస్తుంది. చినుకుని ఆపుతుంది, దుమ్ముని ఆపుతుంది. ఏట్లో పడేస్తే ఆపదు. చెమటని అసలే ఆపదు."

"కెమెరాకి చెమటేంటి?"

"ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టదూ? అలాగే. చల్లటి చోటు నుంచి ఉక్కలోకి తెస్తే అద్దం మీద చెమట పడుతుంది. దానికి రబ్బరేం చేస్తుంది? అరగంటో గంటో సంచిలోంచి తీయకుండా ఉంచాలి, అంతే. సీలింగ్ ఉంది కదా అని ధీమాగా ఉండేవాళ్ళే ఆగరు."

"మరి మీరు ఈ రబ్బరునే ఎందుకు పట్టుకున్నారు?"

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "నేనూ ఒకప్పుడు ఫొటోలు తీసేవాణ్ణి. ఇరవై రెండేళ్ళ క్రితం, వరదలప్పుడు. వంతెన మీద నేనూ, పత్రిక ఫొటోగ్రాఫరు గొడుగూ పక్కపక్కనే నిలబడ్డాం. నాది సీలింగ్ లేని పాత కెమెరా. పైన ప్లాస్టిక్ సంచి కట్టుకున్నాను. పత్రికవాళ్ళ ల్యాబులో కడిగిస్తానని నా ఫిల్ము రోలు గొడుగే పట్టుకెళ్ళాడు. తెల్లారి వచ్చి, నీళ్ళు దూరాయి, రోలంతా పోయిందన్నాడు. బస్సు కప్పు మీంచి ఓ తల్లి బిడ్డని పడవలోకి అందించడం నేనూ నొక్కానమ్మా. గొడుగు ఫొటో పేపర్లో వచ్చింది. నాది నీళ్ళపాలైంది. ఒక్క రబ్బరు ముక్క లేక. ఆ రోజే కెమెరా పక్కన పెట్టేశాను."

గొడుగు అంటే ఆ పత్రిక పెద్ద ఫొటోగ్రాఫరు. ఎంత వానలోనైనా గొడుగు పట్టడు కాబట్టి ఆ పేరు పెట్టారు.

"కబుర్లు అయ్యాయా వదినా?" వెనకనుంచి గొంతు.

ఇన్‌స్పెక్టరు. పోయిన నా భర్తకి తమ్ముడు. నేను డిపార్ట్‌మెంట్‌లో ఉన్నప్పుడు ఇతనికి పంచనామా రాయడం నేర్పింది నేనే. నేను బయటికొచ్చి సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నప్పటి నుంచి నా ప్రతి కేసులోనూ కాలు అడ్డం పెడుతున్నాడు. ఇంటికొస్తే మాత్రం రెండోసారి కూర వడ్డించమంటాడు.

"చల్లగది చూడాలి" అన్నాను.

"చూసి ఏం చేస్తారు? గేటు పుస్తకం చెప్పింది, గది కాగితం చెప్పింది. ఇంకెవరు చెప్పాలి?"

"హత్య ఎందుకు చేశాడో చెప్పిందా నీ కాగితం?"

"అది కస్టడీలో ఆయనే చెప్తాడు."

"చెప్పిస్తావన్నమాట."

మరిది మొహం ఎర్రబడింది. "నాలుగింటి వరకు. మా అన్నయ్య మొహం చూసి ఇస్తున్నాను. నాలుగుంబావుకి ముద్దాయిని జీపెక్కిస్తాం. పత్రికాఫీసు మీదుగానే కోర్టుకి దారి. ఈలోపు మీ సరదా తీర్చుకోండి."

*

పత్రికాఫీసు రెండో అంతస్తు. ముందొక చిన్న గది: బల్ల, కుర్చీ, స్టీలు బీరువా. దాని వెనక చల్లగది. బరువైన తలుపు, అంచు చుట్టూ బొటనవేలంత లావు రబ్బరు. లోపల పన్నెండు డిగ్రీలు. రెండువైపులా రాకుల నిండా నెగెటివుల పెట్టెలు. రాకుల మధ్య నేల మీద సుద్దతో గీసిన మనిషి ఆకారం, పక్కన బోల్తాపడ్డ ఇనప నిచ్చెన పీట. ఆ పీటతోనే కొట్టారు.

నేను ఆ సుద్దగీత దగ్గర ఒక్క నిమిషం నిలబడ్డాను. లైబ్రేరియన్ని నేను ఒకే ఒక్కసారి చూశాను. పాత ఫొటో ఒకటి అడిగితే, రేపు రమ్మన్నాడు. ఎందుకని అడిగితే కోప్పడ్డాడు కూడా. అప్పుడు ఆయన వేలితో చూపించిన బోర్డు ఇంకా ముందుగదిలో గోడకే ఉంది: 'చల్లగది నుంచి బయటికి వెళ్ళేది ఏదైనా గంటసేపు ఆగాలి. తొందరపడేవారు రేపు రావలెను.'

"కాగితం చూపించు" అన్నాను మరిదితో.

తలుపు పక్కన గోడకి ఒక యంత్రం ఉంది. గుండ్రటి కాగితం మీద సన్నటి పెన్ను గది చల్లదనాన్ని గీస్తూ తిరుగుతుంది. తలుపు తెరిస్తే బయటి వేడి తగిలి గీత ఎగురుతుంది, మూస్తే దిగుతుంది. మొన్నటి కాగితం మరిది ఫైల్లో ఉంది.

"2:20కి ఒకసారి తెరిచారు. 2:40కి ఒకసారి. 3:08కి. 3:46కి. ఆ తర్వాత ఐదున్నరకి శవాన్ని చూసేదాకా గీత కదల్లేదు" అన్నాడు మరిది, పాఠం అప్పజెప్పినట్టు. "మీ రబ్బరు మామ 3:08కి లోపలికెళ్ళాడు, 3:46కి బయటికొచ్చాడు, 3:52కి గేటు దాటాడు. అతికినట్టు సరిపోయింది."

నేను కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. "3:08 దగ్గర చూడు. ఒక గీత కాదు. రెండు. 3:08కి ఒకటి, 3:12కి ఒకటి. ఎవరో బయటికొచ్చి నాలుగు నిమిషాలకి మళ్ళీ లోపలికెళ్ళారు. రబ్బరు మామ చెప్పింది అదే. లైబ్రేరియన్ బయటికొచ్చి మాట్లాడి వెళ్ళాడు."

"తలుపు సరిగ్గా పడక రెండోసారి లాగుంటాడు."

"సరే. 2:20కి తెరిచింది ఎవరు?"

"లైబ్రేరియనే."

"2:35 దాకా ఆయన క్యాంటీన్‌లో భోంచేశాడని నీ ఫైల్లోనే మూడో పేజీలో ఉంది."

మరిది మూడో పేజీ తిప్పాడు.  "ఎవరో ఏదో పెట్టడానికి వచ్చి వెంటనే పోయుంటారు. వెంటనే పోతే ఒకే గీత పడుతుంది."

ఆ మాటని నేను కొట్టిపారేయలేకపోయాను. కానీ వెంటనే పోకపోతే? 2:20కి లోపలికెళ్ళినవాడు, 2:40కి లైబ్రేరియన్ వచ్చేసరికి లోపలే ఉన్నట్టు. 3:46 దాకా ఉన్నట్టు. బయటివాళ్ళే గేటు పుస్తకంలో సంతకం పెడతారు. ఆఫీసువాళ్ళు పెట్టరు, స్కూటర్లుండే వెనక గేటు నుంచే వస్తారు, పోతారు.

"ఆఫీసులో అందర్నీ అడిగావా, ఎక్కడున్నారని?"

"అడిగాను. మీరు నేర్పిన పద్ధతే కదా." ఫైల్లోంచి కొన్ని కాగితాలు తీసి బల్ల మీద కొట్టాడు. "గొడుగు ఒక్కడే బయట ఉన్నాడు. వంతెన దగ్గర. సాక్ష్యం ఇదిగో."

చిన్న చిన్న ఫొటోలు వరసగా వేసిన కాగితాలు. ఒక్కోదాని కింద టైము. మొదటిది 4:04. ఇక్కడి నుంచి వంతెనకి స్కూటరు మీద పావుగంట. 3:46కి ఈ తలుపు దాటినవాడు 4:04కి అక్కడ ఉండొచ్చు. ఆ లెక్క మరిది వేసుకున్నట్టు లేదు. దొంగ దొరికాక లెక్కలు ఎవరు చూస్తారు?

మొదటి వరసంతా మసక. పాలు కలిపిన నీళ్ళలోంచి చూసినట్టు. 4:17 దాకా పదమూడు ఫొటోలు. పద్నాలుగోది తళతళలాడుతోంది.

"ఈ మసకవి ఎందుకు పారేయలేదు?"

"ఆఫీసు రూలంట. బాగున్నా బాగోకున్నా కార్డులో ఉన్నదంతా డెస్కులో దించాలి, దారిలో ఏదీ చెరపకూడదు. ఆయన బయట ఉండగానే కార్డులోవి ఇక్కడి కంప్యూటర్లో పడిపోతాయట కూడా."

నేను ఆ పదమూడింటినీ ఒక్కొక్కటే చూశాను. మొదటిదానికన్నా ఐదోది కాస్త నయం. ఐదోదానికన్నా పదోది నయం.  రబ్బరు మామ చెప్పిన సీసా గుర్తొచ్చింది.

*

గొడుగు తన గదిలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. యాభై దాటినా సన్నగా, చురుగ్గా ఉన్నాడు. అతని తల వెనక గోడకి, బల్లంత ఫొటో: బస్సు కప్పు, చుట్టూ వరద, తల్లి చేతుల్లోంచి పడవలోని చేతుల్లోకి పోతున్న బిడ్డ. ఇరవై రెండేళ్ళుగా ఆ ఫొటో కిందే కూర్చుంటున్నాడు.

"రండి మేడమ్. పెద్దాయన పోవడం మా ఇంట్లో మనిషి పోయినట్టే ఉంది" అన్నాడు.

"మొన్న ఇంట్లోంచి ఎన్నింటికి బయల్దేరారు?"

"రెండున్నరకి. మా వీధిలో పొద్దున్నుంచీ కరెంటు లేదు. ఉక్క భరించలేక వానలో పడ్డాననుకోండి."

"ఆఫీసుకొచ్చారా?"

"ఐదున్నర దాకా గడప తొక్కలేదు. రాసుకోండి."

"రాసుకుంటున్నాను. ఎలా వెళ్ళారు?"

"స్కూటరు మీద. మూడింటికల్లా వంతెన మీదున్నాను."

"మొదటి ఫొటో 4:04కి తీశారు."

"నీళ్ళు పెరిగేదాకా ఆగాను. మా పనికి ఓపిక కావాలి మేడమ్. మీ పనిలాగే."

"కెమెరా ఎక్కడుంది ఆ గంటసేపూ?"

"మెడలో. ఇంట్లో తగిలించుకుంటే మళ్ళీ ఇంట్లోనే తీస్తాను."

"గంట వానలోనా? లోపలికి నీళ్ళు పోవూ?"

అతను పెద్దగా నవ్వాడు. నవ్వుతూనే బల్ల మీదున్న నల్లటి కెమెరాని బిడ్డలా నిమిరాడు. "సీలింగ్ అంటే ఏమనుకుంటున్నారు? మూడేళ్ళలో ఒక్క చుక్క లోపలికి పోలేదు. పోదు. కావాలంటే కుళాయి కింద పెట్టుకోండి. ఇది లేని కెమెరా పట్టుకుని వానలోకి పోయేవాడు ఫొటోగ్రాఫరే కాదు."

"ఒక గంట ఇస్తారా? నాకు ఇలాంటివి చూడ్డం సరదా."

అతని కళ్ళు ఒకసారి నా మీద, ఒకసారి మరిది మీద తిరిగాయి. కుళాయి కింద పెట్టమన్నవాడు ఇప్పుడు ఇవ్వనంటే బాగోదు. ఇచ్చాడు. మరిది నా వంక పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

"ఇన్‌స్పెక్టరు గారు మీ వాంగ్మూలం శుభ్రంగా రాయించుకుంటారు. ఇప్పుడు చెప్పిందంతా. సంతకం పెట్టండి" అన్నాను.

2:55కి ఆ కెమెరాని చల్లగదిలో, సుద్దగీత పక్కనున్న రాకు మీద పెట్టి తలుపు మూశాను.

*

3:40కి ముగ్గురం ముందుగది బయట వరండాలో నిలబడ్డాం. వాన మొన్నటిలాగే పడుతోంది, ఉక్క కూడా మొన్నటిలాగే ఉంది. నేను లోపలికెళ్ళి కెమెరా తెచ్చాను. దాన్ని చూడగానే గొడుగు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"దాన్ని అందులో ఎందుకు పెట్టారు?" గొంతు మారింది.

"మీరు కుళాయి అన్నారు. నాకు నీళ్ళకన్నా చలి ఇష్టం." మూత తీశాను.

కళ్ళెదుటే ముందు అద్దం తెల్లబడింది. ఎవరో నోటితో ఊదినట్టు. మరిది మెడ చాచాడు.

"ఒక ఫొటో తియ్యి" అని అతని చేతిలో పెట్టాను. తీశాడు. వెనక తెర మీద వరండా కమ్మీలు, చెట్టు, వాన, అన్నీ పాలనీళ్ళలో. ఫైల్లోని 4:04 ఫొటోని దాని పక్కన పట్టుకున్నాను.

"అక్కడ నీటి తుంపర. వంతెన దగ్గర ఎప్పుడూ ఉండేదే" అన్నాడు గొడుగు.

"తుంపరైతే దూరంగా ఉన్నవి మసకబారతాయి. మీ ఫొటోలో మీ చెయ్యి ఆనించిన కమ్మీ కూడా మసకే."

"అయితే లోపలికి నీళ్ళు దూరాయి!" మాట తొందరగా వచ్చింది. "ఆ ముసలాడే పోయిన నెల పట్టీలు మార్చాడు. సరిగ్గా వెయ్యలేదు. నీళ్ళు దూరాయి, అంతే."

నేను నా పుస్తకం తీసి చదివాను. "'మూడేళ్ళలో ఒక్క చుక్క లోపలికి పోలేదు. పోదు.' గంట క్రితం మాట. వాంగ్మూలం కింద మీ సంతకం కూడా ఉంది."

"అప్పుడు గుర్తు లేదు."

"పోనీ దూరాయనుకుందాం. వానలో నిలబడేకొద్దీ ఇంకా దూరాలి కదా? మసక పెరగాలి. మీకు పదమూడు నిమిషాల్లో దానంతటదే తగ్గిపోయింది. వానలో ఉండగానే. ఏం మరిదిగారూ, వానలో ఆరిపోయే బట్టలు ఎక్కడైనా చూశావా?"

మరిది నవ్వలేదు. గడియారం చూసుకుంటూ నిమిషానికొక ఫొటో తీస్తున్నాడు. అదీ నేను నేర్పిందే.

ఆ నిమిషాలు గడవడం లేదు. కింద రోడ్డు మీద జీపు హారన్ వినిపించింది. నాలుగుంబావుకి అన్నవాళ్ళు చాలా ముందే వచ్చేశారు. కమ్మీ మీంచి వంగి చూశాను. జీపు వెనకసీట్లో ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య తెల్లజుట్టు. జీపు పక్కన వానలో తడుస్తూ కూతురు.

గొడుగు తేరుకున్నాడు. వేలితో అద్దాన్ని చూపిస్తూ, "చల్లగా ఉన్న గది ఇదొక్కటేనా ఊళ్ళో? మా ఇంట్లో ఏసీ ఉంది" అన్నాడు.

"మొన్న మీ వీధిలో కరెంటు లేదు. అది కూడా వాంగ్మూలంలో ఉంది."

అతను వేలు వెనక్కి తీసుకున్నాడు.

పదహారో నిమిషానికి అద్దం పూర్తిగా తేటపడింది. మరిది ఆఖరి ఫొటో తీసి, "అక్కడ పదమూడు, ఇక్కడ పదహారు" అన్నాడు నెమ్మదిగా.

"అక్కడ ఏటిగాలి. పైగా దారిలో పావుగంట బ్యాగులో వెచ్చబడింది. మెడలో ఉంటే చెమట దారిలోనే ఆరిపోయేది."

"వదినా, ఇదంతా సరే. లోపలున్నాడనే అనుకుందాం. కానీ ఎందుకు చంపాలి? మీరే కదా నన్ను అడిగారు."

మంచి ప్రశ్న.  కింద జీపు ఇంజను ఆపలేదు. నేను ముందుగదిలోకి వెళ్ళి, ఏం చెయ్యాలో తెలియక, గోడ వంక చూస్తూ నిలబడ్డాను. గోడకున్న బోర్డు నా మొహంలోకి చూస్తోంది.

గంటసేపు ఆగాలి.

'ఒక గంట ఆగు, నీకొకటి ఇవ్వాలి.' లైబ్రేరియన్ గంట ఆగమన్నది తనకి వేరే పనుండి కాదు. ఇవ్వాల్సిన వస్తువు అప్పుడే చల్లగదిలోంచి బయటికొచ్చింది. 3:08కి తలుపు తీసుకుని వచ్చినప్పుడు అది ఆయన చొక్కా కిందే ఉండాలి!

"ఈ బీరువా వెతికించావా?"

"తెరిచి చూశాం. పాత కవర్లు. ఎవరెవరో తీసుకెళ్ళాల్సినవి" అన్నాడు మరిది.

తలుపు లాగాను. మూడో అరలో నాలుగు కవర్లు, అన్నీ ఖాకీ కాగితంలో దారంతో కట్టినవి. ఒక్కోదాని మీద గుండ్రటి చేతిరాతలో చీటీ. పై చీటీ చదివాను: "బయటికి తీసిన టైము 3:10. ఇవ్వాల్సిన టైము 4:10. ఎవరికి: మా రబ్బరు వాడికి."

గొడుగు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.  "అందులో ఏముంటుంది? ఆ రోలు ఎప్పుడో తడిసి పాడైపోయింది. ఎందుకూ పనికిరాదు."

 మరిది నెమ్మదిగా అతని వైపు తిరిగాడు.

"ఏ రోలు?" అన్నాడు. "ఖాకీ కాగితం కట్ట అది. అందులో రోలుందని మీకెవరు చెప్పారు?"

 గొడుగు పరిగెత్తలేదు. గుమ్మం పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు.

నేను దారం విప్పాను. ఆరారు బొమ్మల ముక్కలుగా కోసిన నెగెటివులు, పైన లైబ్రేరియన్ తీసిపెట్టిన చిన్న అచ్చులు. ఇరవై రెండో బొమ్మ నాకు తెలుసు. పక్కగదిలో బల్లంత చేసి గోడకి పెట్టారు: తల్లి, బిడ్డ, పడవ. ఇరవై ఒకటో బొమ్మలో అదే వంతెన, అదే వాన. కమ్మీ దగ్గర నిలబడి ఉన్నది వయసులో ఉన్న గొడుగు. తన కెమెరాని తలకిందులుగా పట్టుకుని, అందులోంచి నీళ్ళు వంపుతున్నాడు. సీలింగ్ ఉన్న కెమెరాయే అయ్యుంటుంది. దాన్ని వంపుతున్నవాడు తర్వాతి ఫొటో ఎలా తీస్తాడు?

"పాత ఫొటోలన్నీ పుస్తకం వేస్తామని లైబ్రేరియన్ పెట్టెలు దించాడు" అన్నాడు గొడుగు, నేలతో చెప్తున్నట్టు. "పక్క బొమ్మ చూశాడు. నువ్వే వాడితో చెప్పు, లేకపోతే నేను ఇచ్చేస్తానన్నాడు. వారం గడువిచ్చాడు. మొన్నటితో అయిపోయింది. భోజనానికెళ్ళినప్పుడు వెతుకుదామని వెళ్ళాను. ఆ రోలు కవరుంది, లోపల ఖాళీ. ఆయన వచ్చాక కాళ్ళు పట్టుకున్నాను. అంతలో ఎవరో తలుపు తట్టి పిలిస్తే బయటికెళ్ళి నవ్వుకుంటూ వచ్చాడు. ఎక్కడ పెట్టావంటే చెప్పలేదు. నేను కొట్టాలని..." ఆగాడు. "నేను వచ్చేసేటప్పటికి ఆయన బతికే ఉన్నాడు."

"3:46 తర్వాత ఆ తలుపు ఐదున్నర దాకా ఎవరూ తెరవలేదు" అన్నాడు మరిది. బేడీలు తీసి గొడుగు చేతులకి వేశాడు.  నాకు మాత్రం ఆ లైబ్రేరియన్ గుర్తొచ్చాడు. స్నేహితుడికి ఆ కవరు ఇస్తున్నప్పుడు వాడి మొహం చూడాలని ఎంత ఆశపడి ఉంటాడో!

*

మెట్లు రెండేసి చొప్పున దిగాను. వెనకే మరిది. జీపు దగ్గరికెళ్ళి కానిస్టేబుళ్ళతో, "ఆయన్ని దించండి. కోర్టు సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు. ఆ తర్వాత నా వైపు చూడకుండా, "పెద్దాయనా, క్షమించండి" అన్నాడు. ఆ మాట అతని నోటి వెంట నేను వినడం అదే మొదటిసారి.

రబ్బరు మామ పోర్టికోలోకి వచ్చి నిలబడ్డాడు. మొన్న నలభై నిమిషాలు ఎదురుచూసిన చోటే. నేను కవరు ఆయన చేతిలో పెట్టాను.

"మీ స్నేహితుడు ఇమ్మన్నాడు. గంట దాటింది, ఇప్పుడు విప్పొచ్చు."

ఆయన చీటీ చదివాడు. రెండుసార్లు చదివాడు. మొదటి ముక్క తీసి, అంచులు మాత్రమే పట్టుకుని, వెలుతురుకి ఎత్తాడు. కూతురు ఆయన భుజం మీంచి తొంగి చూసి, కవర్లోని అచ్చు చేతిలోకి తీసుకుంది. మొదటి బొమ్మలో ఒక మూడేళ్ళ పిల్ల, మడమల దాకా వేలాడుతున్న పెద్దవాళ్ళ రెయిన్‌కోటులో, షాపు గుమ్మం మీద కూర్చుని ఏడుస్తోంది.

"నాన్నా, ఇది నేనే కదూ?"

ఆయన వినిపించుకోలేదు. ఒక్కో ముక్కా ఎత్తి, మధ్యలో బొమ్మలు కాదు, ముందు అంచులు చూస్తున్నాడు. మూలలు చూస్తున్నాడు. వేలికొనతో తడుముతున్నాడు. మరకలు వెతుకుతున్నాడని నాకు కాసేపటికి గానీ అర్థం కాలేదు. ఆఖరి ముక్క దాకా చూసి చెయ్యి దించాడు.

"తడవలేదు" అన్నాడు. "ఒక్క చుక్క కూడా పోలేదమ్మా. ప్లాస్టిక్ సంచే కట్టాను. ఏమీ పోలేదు."

"పోలేదు" అన్నాను.

"మరి ఇన్నేళ్ళూ నేను దేన్ని ఆపుతూ కూర్చున్నాను?" అని అడిగాడు. మమ్మల్ని కాదు. వాన వైపు చూస్తూ అడిగాడు. కూతురు మాత్రల డబ్బా తీసి ఆయన చేతిలో పెట్టింది.